సభకి ఎవరైనా రావచ్చా, టీచరు గారూ?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా విశాఖలో జరిగే సాహిత్య సభలు, నాటకాలు, సైన్స్ కార్యక్రమాల గురించే ఉన్నాయి. పిల్లల చదువులు, ఇంటి గొడవల మీద రాసినవాళ్ళకి వచ్చే సంచికలో జవాబిస్తాను. ఈసారి చోటంతా వీటికే ఇస్తున్నాను. ఈ ఊళ్ళో చదువుకుని, 34 ఏళ్ళు ఇక్కడే హైస్కూలు పిల్లలకి సైన్స్ చెప్పినదాన్ని. ఈ ఊరి సభల్లో నేను కూర్చున్న సాయంత్రాలకి లెక్క లేదు. ఇవి అడిగితే నాకు ఎక్కడలేని హుషారూ వస్తుంది.

* * *

టీచరు గారికి నమస్కారం. మాది గాజువాక. నాకు 47 ఏళ్ళు. పెళ్ళయిన దగ్గర్నుంచీ కథలు, నవలలు చదువుతూనే ఉన్నాను. పిల్లలిద్దరూ ఉద్యోగాలకి వెళ్ళాక ఇప్పుడు తీరిక దొరికింది. పేపర్లో రోజూ ‘నగరంలో నేడు’ చూస్తాను. పౌర గ్రంథాలయంలో పుస్తకావిష్కరణ అనో, కళాభారతిలో నాటకం అనో ఉంటుంది. వెళ్ళాలనిపిస్తుంది. మావారు ‘మనల్ని ఎవరు పిలిచారు?’ అంటారు. కార్డు లేకుండా వెళ్ళొచ్చా? డబ్బులు కట్టాలా? ఒంటరిగా వెళ్తే ఎవరైనా ఏమైనా అనుకుంటారా? — ఒక పాఠకురాలు, గాజువాక

అమ్మా, పేపర్లో వేశారంటే మిమ్మల్ని పిలిచినట్టే. ఆహ్వాన పత్రిక అడుగున ‘అందరూ ఆహ్వానితులే’ అని ఉంటుంది చూడండి, అది మర్యాద కోసం వేసే మాట కాదు. పుస్తక సభ పెట్టేవాళ్ళు కుర్చీలు నిండాలని ఎంత ఎదురుచూస్తారో మీకు తెలియదు. గుమ్మంలో కొత్త మనిషి కనబడితే వాళ్ళ మొహం వెలిగిపోతుంది. సాహిత్య సభలకి డబ్బులు కట్టక్కర్లేదు. కొన్ని సంగీత, నృత్య కార్యక్రమాలకి మాత్రం పాస్‌లో టికెట్లో ఉంటాయి. అలా ఉంటే పేపర్లోనే రాస్తారు.

ఒంటరిగా వెళ్ళడం గురించి మీరు పడే టెన్షన్ నాకు బాగా తెలుసు. ఉద్యోగంలో చేరిన కొత్తలో మొదటిసారి ఒక కథల సభకి వెళ్ళి, ఆఖరి వరసలో, గోడవారగా, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. లేచి వెళ్ళిపోవాలంటే దారి దగ్గరగా ఉండాలని. నా ముందు ఆరేడు వరసలు ఖాళీ. ఒక పెద్దావిడ, తెల్ల జరీ అంచు నేతచీర, చేతిలో విసనకర్ర, వెనక్కి తిరిగి చూసి, ‘ఏటమ్మా, అక్కడెక్కడో కూకున్నావు? ఇలాగ ముందుకొచ్చీ, అక్కడికి ఏటీ ఇనబడదు’ అంది. వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాను. ఆవిడ నా పేరు అడగలేదు, ఊరు అడగలేదు. సభ మధ్యలో తన విసనకర్ర నాకిచ్చింది, అంతే. ఆ తర్వాత చాలా ఏళ్ళు సభల్లో కనబడితే ఒకళ్ళకొకళ్ళం చోటు ఉంచుకునేవాళ్ళం. మీకూ ఎవరో ఒకరు అలా దొరుకుతారు. దొరికేదాకా మూడో వరసలో, నడిచే దారి పక్క కుర్చీలో కూర్చోండి. మాట బాగా వినబడుతుంది, మధ్యలో లేవాలన్నా ఇబ్బంది ఉండదు.

ఇక దూరం సంగతి. మీ అసలు ఇబ్బంది తిరుగు ప్రయాణం అనుకుంటున్నాను, మీరు రాయకపోయినా. కార్డులో 6 గంటలని ఉంటుంది, మొదలయ్యేసరికి ముప్పావు గంట ఆలస్యం. ఇది మన ఊరి సభలకి పట్టిన జబ్బు. దీనివల్ల ఎక్కువ నష్టపోయేది గాజువాక, కూర్మన్నపాలెం, పెందుర్తి వైపు నుంచి వచ్చే ఆడవాళ్ళే. మొదట్లో ఆదివారం ఉదయం జరిగే పుస్తక సభలు ఎంచుకోండి. ద్వారకానగర్ పౌర గ్రంథాలయం ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి నడిచి వెళ్ళేంత దూరమే. సభ మధ్యాహ్నం భోజనాల వేళకి అయిపోతుంది. సాయంత్రం సభకి వెళ్తే 8 గంటలకి లేచి వచ్చెయ్యండి. వక్త మాట్లాడుతుండగా లేస్తే ఏమనుకుంటారో అని మొహమాటపడకండి. ఒక వక్త ముగించి ఇంకొకరు మైకు దగ్గరకి వచ్చేలోపు లేస్తే ఎవరూ ఏమీ అనుకోరు. కళాభారతి అయితే మద్దిలపాలెం జంక్షన్‌లో దిగి పిఠాపురం కాలనీ వైపు నడవాలి. గురజాడ కళాక్షేత్రం, చిల్డ్రన్స్ ఎరీనా రెండూ సిరిపురంలో.

మీవారిని కూడా ఒకసారి నాటకానికి తీసుకెళ్ళండి. కథల సభ కంటే నాటకంతో మొదలుపెడితే మగవాళ్ళు తొందరగా దారికొస్తారు, ఇది నా ఇంటి అనుభవం.

* * *

మేడమ్, నేను డిగ్రీ రెండో సంవత్సరం. మొన్న ఒక సాహిత్య ఉపన్యాసానికి వెళ్ళాను. అయ్యాక లేచి ఒక సందేహం అడిగాను. నిర్వాహకులు ‘టైమ్ లేదు, కూర్చో బాబూ’ అన్నారు. అందరూ నావైపే చూశారు. చాలా అవమానంగా అనిపించింది. సభల్లో ప్రశ్నలు అడగకూడదా? — ఒక విద్యార్థి, అక్కయ్యపాలెం

బాబూ, అడగాలి. నువ్వు చేసింది సరైన పని. కూర్చోమన్నవాళ్ళది తప్పు.

ఇది నా మనసులో చాలాకాలంగా ఉన్న బాధ కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను. 1990ల్లో మా స్కూలు పిల్లల్ని, 14 మందిని, సిటీ బస్సులో ఎక్కించుకుని సముద్రం గురించిన ఒక ఉపన్యాసానికి తీసుకెళ్ళాను. హాలు పేరు, సంస్థ పేరు ఇప్పుడెందుకు. ముందురోజే ఒక్కొక్కళ్ళ చేతా ఒక్కో ప్రశ్న చీటీ మీద రాయించాను. జాలారిపేట నుంచి వచ్చే ఒక అమ్మాయి, ఎనిమిదో తరగతి, రూళ్ళ కాగితం ముక్క మీద ఇలా రాసింది: ‘సముద్రం అడుగున కూడా కొండలు, లోయలు ఉంటాయా?’ ఆ చీటీని నాలుగు మడతలు పెట్టి గుప్పిట్లో పట్టుకుని కూర్చుంది.

జ్యోతి ప్రజ్వలన అయింది. వేదిక మీదకి తొమ్మిది మందిని పిలిచారు. ఒక్కొక్కరికీ పూలగుచ్ఛం. తర్వాత ఒక్కొక్కరూ రెండు మాటలు. తర్వాత శాలువాలు, మెమెంటోలు, ఫొటోలు. గంటా పది నిమిషాలు గడిచాక అసలు వక్తకి మైకు ఇచ్చి, ‘సమయాభావం వల్ల క్లుప్తంగా’ అన్నారు. ఆయన పాపం ఇరవై నిమిషాల్లో ముగించారు. వెంటనే వందన సమర్పణ, జనగణమన. బస్సులో కూర్చున్నాక చూస్తే ఆ పిల్ల చేతిలో చీటీ చెమటకి తడిసి సిరా పాకిపోయి ఉంది.

ఆ ప్రశ్నకి జవాబు అప్పుడు నాకూ తెలియదు. యూనివర్సిటీలో జియాలజీ తెలిసిన మా బంధువు ఒకాయన్ని పట్టుకుని అడిగాను. ఆయన చెప్పింది విని నోట మాట రాలేదు. మన తీరానికి ఎదురుగా, సముద్రం అడుగున, నేల ఒక్కసారిగా లోతుకి దిగేచోట పెద్ద పెద్ద లోయలున్నాయి. వాటిలో మూడింటి పేర్లు ఆంధ్ర, మహదేవన్, కృష్ణ. 1952లో అమెరికా నుంచి యూజీన్ లఫాండ్ అనే సముద్ర శాస్త్రవేత్త ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి, ఇక్కడివాళ్ళతో కలిసి బంగాళాఖాతాన్ని పరిశీలించారు. ఆ పనిలో బయటపడిన లోయలివి. మహదేవన్ అంటే మన యూనివర్సిటీ జియాలజీ ప్రొఫెసర్. కృష్ణ అంటే వైస్ చాన్సలర్‌గా చేసిన వి.ఎస్.కృష్ణ. మన బీచ్ రోడ్డులో బఠాణీలు తింటూ చూసే ఆ నీళ్ళ కింద మన ఊరివాళ్ళ పేర్లతో లోయలున్నాయి!

మర్నాడు క్లాసులో చెప్పాను. ఆ పిల్ల లేచి, ‘మరి మా నాన్నకి తెలుసా టీచర్?’ అంది. ‘అడిగి రా’ అన్నాను. వాళ్ళ నాన్నకి ఆ పేర్లు తెలియవు. కానీ తీరం మీది కొండల్ని ఒకదాని పక్కన ఒకటి గురుతు పెట్టుకుని, డాల్ఫిన్స్ నోస్ ఇలా, కైలాసగిరి అలా కనబడితే పడవ ఎక్కడుందో, అక్కడ లోతు ఎంతో చెప్పగలనన్నాడట. ఆ సంభాషణ అంతా సభలో జరగాల్సింది. వక్తా విని ఉండేవారు, నలుగురూ విని ఉండేవారు.

అందుకే చెబుతున్నాను, ఉపన్యాసంలో సగం విలువ చివర వచ్చే ప్రశ్నల్లో ఉంది. వక్త తయారై వచ్చిన మాటలు ఎప్పుడో ఎక్కడో అచ్చులో చదువుకోవచ్చు. కింద కూర్చున్న మనిషి అడిగితే ఆయన ఆలోచించి చెప్పే మాట ఆ రోజు, ఆ హాల్లో మాత్రమే దొరుకుతుంది.

మన ఊళ్ళోనే దీనికి పెద్ద ఉదాహరణ ఉంది. 1970 ఫిబ్రవరిలో విశాఖలో శ్రీశ్రీ షష్టిపూర్తి సభలు జరిగాయి. పెద్ద పెద్ద రచయితలంతా వచ్చారు. అప్పుడు ‘విశాఖ విద్యార్థులు’ పేరుతో ఒక కరపత్రం పంచారు. మీరు ఎటువైపు అని రచయితల్నే నిలదీసిన కరపత్రం అది. దానిమీద రేగిన వాదోపవాదాల కొనసాగింపుగానే ఆ ఏడు జూలై 4న హైదరాబాద్‌లో విరసం, అంటే విప్లవ రచయితల సంఘం, ఏర్పడింది. వాళ్ళ రాజకీయాలు నీకు నచ్చినా నచ్చకపోయినా, ఒక్కటి గమనించు. ఆ ప్రశ్న వేదిక మీద కూర్చున్న పెద్దల దగ్గర్నుంచి రాలేదు, నీ వయసు కుర్రాళ్ళ దగ్గర్నుంచి వచ్చింది.

ఇక నీ సంగతి. ఈసారి ప్రశ్నని ముందే కాగితం మీద ఒకే వాక్యంగా రాసుకో. లేచి ముందు నీ అభిప్రాయం చెప్పి, తర్వాత అడగబోయి, మధ్యలో మరిచిపోయేవాళ్ళని చాలామందిని చూశాను, వాళ్ళవల్లే నిర్వాహకులు భయపడతారు. పేరు చెప్పి, నేరుగా ప్రశ్న అడిగి కూర్చో. అప్పటికీ కాదంటే సభ అయ్యాక వేదిక మెట్ల దగ్గర నిలబడు. శాలువా మడతపెట్టుకుంటూ దిగే వక్తని ‘సార్, ఒక్క సందేహం’ అని ఆపు. నలభై ఏళ్ళలో ఆ మాటకి విసుక్కున్న వక్తని నేను ఒక్కరినీ చూడలేదు. కొందరైతే నీతో మాట్లాడుతూ ఆటో దాకా నడుస్తారు.

* * *

నేను ఒక ప్రైవేట్ కంపెనీలో చేస్తూ కవిత్వం రాస్తుంటాను. మొదటి సంపుటి అచ్చవుతోంది. ఆవిష్కరణ ఎక్కడ పెట్టాలి? పెద్ద హాలు తీసుకుంటేనే గౌరవమని మిత్రులు అంటున్నారు. జనం రారేమోనని భయం. — ఒక యువకవి, అనకాపల్లి

పెద్ద హాలు వద్దు. 300 కుర్చీల్లో 40 మంది కూర్చుంటే సభ వెలవెలబోతుంది. అదే 40 మంది 50 కుర్చీల గదిలో కూర్చుంటే నిండుగా ఉంటుంది, మాట మాటకీ స్పందన వినబడుతుంది. కవిత్వానికి అది కావాలి.

వేదిక మీద ముగ్గురు చాలు: అధ్యక్షులు, పుస్తకం గురించి మాట్లాడేవారు, మీరు. ‘ఆయన్ని పిలవకపోతే నొచ్చుకుంటారు’ అని ఒక్కొక్కరినీ కలుపుకుంటూ పోతే పదిమంది అవుతారు, పదిమందీ పుస్తకం తెరవకుండానే మీ మంచితనం గురించి మాట్లాడతారు. మాట్లాడేవారికి పుస్తకం కనీసం 15 రోజుల ముందు ఇవ్వండి. ఆవిష్కరణ రోజున కవర్ విప్పి చేతిలో పెట్టి మాట్లాడమంటే ఎంతటివారైనా ఏం చెబుతారు? మీరు ఐదారు కవితలు చదవండి, బాగా సాధన చేసి చదవండి. తర్వాత అరగంట వచ్చినవాళ్ళకి వదిలెయ్యండి. మైకు తీగ మూడో వరస దాకా వచ్చేంత పొడవుందో లేదో ముందే చూసుకోండి. ఈ ఒక్క తీగ చాలక ప్రశ్నలు లేకుండా పోయిన సభలు నాకు తెలుసు.

క్రికెట్ మ్యాచ్ రోజు వద్దు. అక్టోబర్, నవంబర్ నెలల్లో పెట్టుకుంటే వాతావరణం మీద ఒక కన్నేసి ఉంచండి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చిన వారం ఈ ఊళ్ళో ఎన్ని సభలు కొట్టుకుపోయాయో.

జనం గురించి మరీ బెంగపడకండి. 1928లో ఇదే విశాఖలో కవితా సమితివాళ్ళు ఒక కుర్రవాడి పద్యాల పుస్తకం వేశారు. ఆ పుస్తకం ‘ప్రభవ’, ఆ కుర్రవాడు శ్రీశ్రీ, అప్పటికి పద్దెనిమిదేళ్ళు. వెనక ఉన్నది పెద్ద ప్రచురణ సంస్థ కాదు, పురిపండా అప్పలస్వామి లాంటి కవితాభిమానులు కొద్దిమంది. మీక్కూడా మొదట కావలసింది అలాంటి కొద్దిమందే. ఆవిష్కరణ తేదీ ఖాయం కాగానే నాకొక కార్డు ముక్క రాయండి, నేను వస్తాను.

* * *

నాకు 78 ఏళ్ళు, ఎంవీపీ కాలనీ. ఒకప్పుడు యూనివర్సిటీ నాటకాలు ఒక్కటీ వదిలేవాణ్ణి కాదు. ఇప్పుడు చెవి సరిగా వినబడదు. మా ఆవిడ పోయాక ఎక్కడికీ వెళ్ళబుద్ధి కావడం లేదు. నాటకాలు ఇంకా ఆడుతున్నారా? — ఒక విశ్రాంత ఉద్యోగి

ఆడుతున్నారండీ. కళాభారతిలో, కళాక్షేత్రంలో నాటకోత్సవాలు జరుగుతూనే ఉన్నాయి. ఏప్రిల్ 16, కందుకూరి వీరేశలింగం గారి జయంతి, తెలుగు నాటకరంగ దినోత్సవం. ఆ ముందూ వెనకా తప్పకుండా ఏదో ఒక ప్రదర్శన ఉంటుంది. రిజిస్ట్రార్ కె.వి.గోపాలస్వామి గారు, లైబ్రేరియన్ అబ్బూరి రామకృష్ణారావు గారు నాటకాన్ని నెత్తిన పెట్టుకున్న యూనివర్సిటీ మనది. ఆ వేడి ఇంకా ఉన్న రోజుల్లో నాటకాలు చూసినవారు మీరు. మీలాంటివారు ముందు వరసలో కూర్చుంటే ఇప్పటి నటులకి అది పెద్ద బలం.

చెవి సంగతికి రెండు మాటలు. మొదటి వరసలో స్పీకర్ బాక్సుకి ఎదురుగా కూర్చోవద్దు, మోత తప్ప మాట తెలియదు. రెండో వరసలో మధ్యలో కూర్చోండి, నటుల పెదాలు కనబడతాయి, సగం మాట అక్కడే తెలిసిపోతుంది. వినికిడి మిషన్ ఉంటే పెట్టుకు వెళ్ళండి, సిగ్గుపడకండి. పద్య నాటకం అయితే మీకు పద్యాలు ముందే నోటికి వచ్చి ఉంటాయి, చెవితో పనే లేదు.

వెళ్ళబుద్ధి కావడం లేదన్నారు. అర్థమైంది. ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. అమ్మగారితో కలిసి చూసిన నాటకం ఏదైనా మళ్ళీ వేస్తున్నారని పేపర్లో కనబడితే, ఆ ఒక్కదానికి వెళ్ళండి.

* * *

నేవీ డే విన్యాసాలు పిల్లలకి చూపించాలి. జనంలో నలిగిపోకుండా ఎలా? — పెందుర్తి

రిహార్సల్ రోజు వెళ్ళండి. అవే ఓడలు, అవే హెలికాప్టర్లు, జనం మాత్రం బాగా తక్కువ. 1971 యుద్ధంలో కరాచీ మీద మన నౌకాదళం చేసిన దాడికి గుర్తుగా డిసెంబర్ 4న నేవీ డే జరుపుతారు. ఈ మధ్య కొన్నేళ్ళు ప్రధాన విన్యాసాలు వేరే ఊళ్ళకీ వెళ్తున్నాయి, మనకి తేదీ మారుతోంది. పేపర్ చూసుకుని బయల్దేరండి.

* * *

మా అమ్మాయి ఏడో తరగతి. రోజంతా ‘ఎందుకు, ఎలా’ అని అడుగుతూనే ఉంటుంది. సెలవొస్తే మాల్‌కి తీసుకెళ్ళడం తప్ప మాకు ఇంకేమీ తోచడం లేదు. మన ఊళ్ళో పిల్లలకి సైన్స్ చూపించే కార్యక్రమాలు ఏమున్నాయి? — ఒక తండ్రి, మధురవాడ

ఇలాంటి ఉత్తరం కోసమే నేను ఈ శీర్షిక రాస్తున్నానేమో అనిపిస్తుంది. అయ్యా, సైన్స్ చూపించడానికి విశాఖని మించిన ఊరు లేదు. నేను బీఎస్సీ చదువుతుండగా 1976 జనవరిలో ఇండియన్ సైన్స్ కాంగ్రెస్ వాల్తేరులో జరిగింది. అధ్యక్షులు ఎం.ఎస్.స్వామినాథన్. దేశం నలుమూలల నుంచి వచ్చిన శాస్త్రవేత్తలు మన యూనివర్సిటీ రోడ్ల మీద గుంపులు గుంపులుగా వాదించుకుంటూ నడుస్తుంటే, మేం నలుగురు ఆడపిల్లలం చెట్ల కింద నిలబడి చూశాం. సైన్స్ అంటే మనుషులు మాట్లాడుకోవడమని నాకు అప్పుడు తెలిసింది. 2008లో మళ్ళీ ఇక్కడే జరిగినప్పుడు మా స్కూలు పిల్లల్ని తీసుకెళ్ళాను.

ఏటా జరిగేవి చెబుతాను. ఫిబ్రవరి 28 జాతీయ సైన్స్ దినోత్సవం. 1928లో రామన్ ఎఫెక్ట్ కనుక్కున్న రోజు. ఆ వారంలో కాలేజీల్లో ఎగ్జిబిషన్లు పెడతారు, బయటి పిల్లల్నీ రానిస్తారు. లాసన్స్ బే కాలనీలో జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. సెప్టెంబర్ 26, దాని మాతృసంస్థ సీఎస్ఐఆర్ (శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన మండలి) వ్యవస్థాపక దినోత్సవం దగ్గరపడుతుంటే సందర్శకుల్ని అనుమతిస్తున్నారేమో కనుక్కోండి. జన విజ్ఞాన వేదిక వాళ్ళ ‘చెకుముకి’ సైన్స్ పత్రికకి చందా కట్టండి, వాళ్ళు పెట్టే పరీక్ష కూడా రాయించండి, మార్కుల కోసం కాదు, తనలాంటి పిల్లలు తనకి కనబడతారు.

ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి చూపించే ఉంటారు. మళ్ళీ తీసుకెళ్ళండి. ఈసారి లోపల హడావిడిగా నడిపించకండి. 91 మీటర్ల పొడవున్న ఆ ఇనప గొట్టంలో 1969 నుంచి 2001 దాకా మనుషులు బతికారు. వాళ్ళు ఎక్కడ పడుకున్నారు, ఏం వండుకున్నారు, గాలి ఎక్కడిది, నీళ్ళలో మునిగి మళ్ళీ పైకి ఎలా తేలింది, ఈ నాలుగూ అమ్మాయినే గైడుని అడగమనండి.

తర్వాత రాళ్ళ తీరం. తెన్నేటి పార్కు కింద, జోడుగుళ్ళపాలెం దగ్గర, రుషికొండ వైపు, ఆటు వచ్చి నీళ్ళు వెనక్కి తగ్గినప్పుడు రాళ్ళ మధ్య చిన్న చిన్న మడుగులు మిగులుతాయి. వాటిలో సముద్రం అంతా ఉంటుంది: ఖాళీ శంఖాన్ని ఇల్లు చేసుకుని మోసుకుపోయే సన్యాసి పీతలు, పువ్వులా విచ్చుకుని ముట్టుకోబోతే ముడుచుకునే సీ అనిమోన్లు, రాయికి అంటుకుపోయిన బార్నకిల్స్ అనే పెంకు జీవులు. స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ళు ఇక్కడ పిల్లలతో తీర నడకలు పెడుతుంటారు, అలాంటి ప్రకటన కనబడితే వదలకండి. మన దగ్గర రోజుకి రెండు పోట్లు, రెండు ఆటులు. ఆ వేళలు రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతాయి. అమావాస్య, పౌర్ణమి దగ్గర్లో నీళ్ళు బాగా తగ్గుతాయి కాబట్టి నడకలు ఆ రోజుల్లోనే పెడతారు. పాచి మీద జారకుండా పట్టున్న చెప్పులు వెయ్యండి. ఎత్తిన రాయిని ఎలా ఉన్నదాన్ని అలాగే తిరిగి పెట్టించండి, దాని కింద ఇళ్ళుంటాయి. ఏదీ ఇంటికి తేవద్దు.

ఇవన్నీ ఎవరో ఒకరు పెడితే వెళ్ళేవి. మీరే పెట్టుకోగలిగిన కార్యక్రమం ఒకటి చెబుతాను. మే 10, దానికి ఒక రోజు అటూ ఇటూ, మన ఊళ్ళో మిట్టమధ్యాహ్నం నీడ మాయమవుతుంది. విశాఖ భూమధ్యరేఖకి 17.7 డిగ్రీల ఉత్తరాన ఉంది. సూర్యుడు ఉత్తరానికి జరుగుతూ మే నెలలో ఒకసారి, తిరిగి వస్తూ ఆగస్టు 2 ప్రాంతంలో ఇంకోసారి సరిగ్గా మన నడినెత్తికి వస్తాడు. ఆగస్టులో మబ్బులు. మే నెలే మేలు, పిల్లలకి సెలవులు కూడాను. సమయం 12 గంటలు అనుకునేరు. మన గడియారాలు నడిచేది కాకినాడ దగ్గరగా పోయే 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం లెక్కన. మనం దానికి కాస్త తూర్పున ఉన్నాం కాబట్టి సూర్యుడు మనకి మూడు నిమిషాలు ముందే నడినెత్తికి వస్తాడు. భూమి సూర్యుడి చుట్టూ తిరిగే తీరువల్ల మే నెలలో ఇంకో మూడు, నాలుగు నిమిషాలు ముందుకొస్తుంది. కాబట్టి మనకి మే 10న ఆ క్షణం 11 గంటల 53 నిమిషాలకి.

రిటైరయ్యాక మా డాబా మీద మా వీధి పిల్లలతో చేశాను. ఎనిమిది మంది వచ్చారు. గచ్చు కాలిపోతోంది, కాళ్ళ కింద తడి గోనెపట్టాలు పరిచాను. ప్లంబర్ వదిలేసిపోయిన పైపు ముక్క, జానెడు పొడవుది, గచ్చు మీద నిలబెట్టాం. 11 గంటలకి దాని పక్కన పడమర వైపు నీడ ఉంది. పావుగంటకోసారి నీడ చివర సుద్దముక్కతో గీత గీశారు. గీతలు పైపు దగ్గరికి, దగ్గరికి వచ్చాయి. పావు తక్కువ పన్నెండయ్యాక అందరూ మాటలు మానేశారు. నీడ సన్నని వెంట్రుకంతయింది, పోయింది. పైపు గచ్చు మీద ఊరికే అంటించినట్టు నిలబడింది. ఒక చిన్నవాడు, అయిదేళ్ళుంటాయి, గచ్చు తడిమి చూసి, ‘నీడ ఏదీ? పైపులోకెళ్ళిపోయిందా?’ అని లోపలికి తొంగిచూశాడు. వాడి తల అడ్డుపడి పైపు లోపలంతా చీకటి. ‘లోపలుంది, లోపలుంది!’ అని అరిచాడు. నీడ ఎవరిదో వాడే కనుక్కునేదాకా మిగతావాళ్ళు ఎవరూ చెప్పకుండా ఆగారు. నాకు ఆ ఆగడం బాగా నచ్చింది.

మీ అమ్మాయి చేత ఇంకో పని చేయించండి. చెన్నైలో మీకు చుట్టాలుంటే అదే రోజు మీటరు పొడవు కర్ర నిలబెట్టమనండి. వాళ్ళకి మిట్టమధ్యాహ్నం మనకంటే 12 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అప్పుడు వాళ్ళ కర్ర నీడ దక్షిణం వైపు, దాదాపు 8 సెంటీమీటర్లు పడుతుంది. ఢిల్లీలో ఎవరైనా ఉంటే వాళ్ళ నీడ ఉత్తరం వైపు, 20 సెంటీమీటర్ల దాకా. ఒకే రోజు, ఒకే సూర్యుడు. నీడ ఇక్కడ లేదు, అక్కడ అటు, ఇంకోచోట ఇటు. ఎందుకో అమ్మాయినే చెప్పమనండి. రెండు రోజులు పట్టినా ఫరవాలేదు, మీరు మాత్రం చెప్పేయకండి. తను ఏం చెప్పిందో నాకు రాయండి.

సూర్యుడి వైపు నేరుగా చూడొద్దని పిల్లలందరికీ ముందే గట్టిగా చెప్పండి. ఇంకొకటి, పైపు గానీ కర్ర గానీ నిటారుగా లేకపోతే మొత్తం లెక్క తప్పుతుంది. ఒక దారానికి చిన్న రాయి కట్టి పక్కన వేలాడదీయండి. ఆ దారానికీ కర్రకీ మధ్య సందు పైనా కిందా ఒకేలా ఉంటే సరిపోయినట్టు.